మీకు తెలుసా? ఎత్తు అంకె వెనుక థైరాయిడ్

సిద్దిపేట అంగన్‌వాడీల్లో పిల్లల బరువుతో పాటు ఎత్తూ కొలిచి రాసుకుంటారు. చాలామంది తల్లులు అడిగేది బరువు గురించే. కానీ ఎత్తు పెరగడం ఆగిందంటే, ఒక్కోసారి కారణం తిండి కాదు, మెడ ముందు సీతాకోకచిలుకలా ఉండే థైరాయిడ్ గ్రంథి!

ఎముకల చివర్లలోని మృదులాస్థి పెరిగి గట్టి ఎముకగా మారాలంటే థైరాయిడ్ హార్మోన్ కావాలి. అది ఏళ్ల తరబడి చాలకపోతే పదేళ్ల పాప మణికట్టు ఎక్స్‌రే ఆరేడేళ్ల పాపదిలా కనిపించవచ్చు. మోతాదు మించినా చేటే. ఎముకల వయసు అసలు వయసును దాటి ముందుకు పోతుంది.

ఇంకా ఆశ్చర్యం: నెలలు నిండి పుట్టిన బిడ్డ మోకాలి దగ్గర ఎక్స్‌రేలో చిన్న ఎముక చుక్క కనిపించాలి. పుట్టుకతోనే తీవ్రమైన థైరాయిడ్ లోపం ఉంటే అది కనిపించకపోవచ్చు. కొరత తల్లి కడుపులోనే మొదలైందన్నమాట.

ఇది మరీ అరుదేమీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి హైదరాబాద్‌తో సహా ఐదు నగరాల్లో లక్షకు పైగా శిశువులను పరీక్షిస్తే, సుమారు 1,130 మందిలో ఒకరికి ఈ లోపం బయటపడింది.

పుట్టిన 2 నుంచి 5 రోజుల మధ్య మడమ నుంచి తీసే కొన్ని రక్తపు చుక్కలతో దీన్ని పట్టేయొచ్చు. రెండు వారాల్లోపు థైరాయిడ్ మాత్ర మొదలైతే ఎముకలే కాదు, మెదడూ చక్కగా ఎదుగుతుంది. ఆలస్యమైతే ఎత్తు కొంత తిరిగి రావచ్చు గానీ, మెదడుకు జరిగిన నష్టం పూర్తిగా పూడదు.

మీ ఇంట్లో ఎవరికైనా కాన్పు అయితే, ఆసుపత్రి నుంచి ఇంటికి బయల్దేరే ముందే బిడ్డకు థైరాయిడ్ పరీక్ష చేశారా అని డాక్టరును తప్పక అడగండి.