దేవుళ్ళతో ఆటలు

“దేవుళ్ళతో ఆటలా? కళ్ళు పోతాయి!” అని పిల్లల్ని కసరడం మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు అలవాటే. కసిరినా, బుజ్జగించినా ఇప్పుడు దేవుళ్ళతో ఆటలు నిజంగానే వచ్చాయి. టెలివిజను ముందు కూర్చుని, మీటలున్న చిన్న పరికరాన్ని రెండు చేతులా పట్టుకుని, తెరమీది వీరుణ్ణి నడిపించి, దూకించి, కత్తి దూయించి, చివరకు దేవతలమీదికే యుద్ధానికి పంపే ఆటలివి. వీడియో గేములన్న మాట ఈనాడు వినని ఇల్లు లేదు. కాని వాటిలో పురాణాలు కూడా చేరాయనీ, ఆ వ్యవహారంలో మన హైదరాబాదుకు కూడా ఒక వాటా వుందనీ చాలామంది పెద్దలకు తెలియదు.

ముందు గ్రీకుల సంగతి చెప్పుకుందాం. ఈ తరహా ఆటల్లో జగమెరిగినది ‘గాడ్ ఆఫ్ వార్’. యుద్ధదేవుడు అని అర్థం. సోనీ కంపెనీకి అమెరికాలో వున్న శాంటా మోనికా స్టూడియోవారు దీన్ని తయారుచేశారు. దర్శకుడు డేవిడ్ జాఫీ. 2005 మార్చిలో ప్లేస్టేషన్ 2 అనే యంత్రం కోసం వెలువడింది. కథానాయకుడి పేరు క్రేటోస్. స్పార్టా నగరపు సేనాని. ఒక యుద్ధంలో ఇక చావు తప్పదనుకున్న ఘడియలో అతడు యుద్ధదేవుడైన ఆరీస్‌ను తలుచుకుని, తనను గట్టెక్కిస్తే జన్మంతా దాసుడిగా పడివుంటానని మొక్కుకున్నాడు. ఆరీస్ కరుణించి, గొలుసులతో ముంజేతులకు అతుక్కుపోయే రెండు కత్తులిచ్చాడు. వాటితో క్రేటోస్ ఊళ్ళకు ఊళ్ళు తగలబెట్టాడు. ఒకనాడు ఆరీస్ పన్నిన మాయలో పడి, ఒక గుడిలో దూరి, ఎదురుగా వున్నదెవరో తెలియకుండానే తన భార్యనూ కూతురినీ నరికేశాడు. వాళ్ళ బూడిద అతని ఒంటికి అంటుకుని మరి వదలలేదు. తెరమీద క్రేటోస్ ఒళ్ళంతా విభూతి పూసుకున్న మనిషిలా కనిపిస్తాడు. ఆ పూత అతని పాపం.

ఆ తరువాత కథ ఊహించవచ్చు. వరమిచ్చిన ఆరీస్‌నే వెతికి పట్టుకుని చంపుతాడు. వినగానే మనకు భస్మాసురుడు గుర్తుకు వస్తాడు. అయితే మన కథలో శివుణ్ణి గట్టెక్కించడానికి మోహిని వచ్చింది. ఆరీస్ కోసం ఎవరూ రాలేదు సరికదా, దేవతల్లోనే ఒకరైన ఎథీనా క్రేటోస్‌కు దారి చూపించింది. 2007లో రెండవ భాగం, 2010లో మూడవ భాగం వచ్చాయి. జియస్ తన తండ్రేనని క్రేటోస్‌కు రెండవ భాగంలో తెలుస్తుంది. మూడవ భాగం ముగిసేసరికి ఒలింపస్ కొండమీది దేవతలు ఒక్కొక్కరే కూలిపోయి, దేవరాజైన జియస్ కూడా కొడుకు చేతిలో హతుడవుతాడు.

ఇదంతా ఆట తయారుచేసిన వాళ్ళ పైత్యమని కొట్టిపారేయడానికి వీల్లేదు. గ్రీకు పురాణాల్లో ఇందుకు కావలసినంత ఆధారం వుంది. హీరా దేవత పంపిన ఉన్మాదంలో హెరాక్లిస్ అనే మహావీరుడు సొంత భార్యాబిడ్డలను చంపుకున్న కథతో యూరిపిడిస్ ప్రాచీన కాలంలోనే నాటకం రాశాడు. హోమర్ ఇలియడ్‌లో డయోమిడిస్ అనే మానవుడు, ఎథీనా అండతో, సాక్షాత్తూ ఆరీస్ కడుపులోనే ఈటె దించుతాడు. ఇక తండ్రీ కొడుకుల పగ అంటారా, అది ఆ దేవతల వంశంలోనే వుంది. కొడుకు చేతిలో పదవి పోతుందన్న జోస్యం విని క్రోనస్ పుట్టిన బిడ్డను పుట్టినట్టే మింగేశాడు. ఆరో బిడ్డ పుట్టినప్పుడు తల్లి రియా ఒక రాయికి పొత్తిగుడ్డలు చుట్టి మొగుడి చేతికిచ్చి, బిడ్డను క్రీట్ ద్వీపంలో దాచింది. ఆ బిడ్డే జియస్. జోస్యం, పసిబిడ్డల హత్య, రహస్యంగా పెరిగిన పిల్లవాడు — కంసుడి కథ విన్న ఏ తెలుగు పిల్లకైనా ఇది అర్ధరాత్రి లేపి అడిగినా తెలిసే కథ.

అయితే అసలు చిక్కు ఇక్కడే వుంది. మా సీతాఫల్‌మండిలో మా వీధి కుర్రాడొకడు ఈ ఆటలో ఆరితేరినవాడు. డిగ్రీ చదువుతున్నాడు. “జియస్ ఎవరోయ్?” అని అడిగాను. తడుముకోకుండా, “ఆఖరి విలన్ సార్. మస్తు కష్టం. మూడు రోజులు పట్టింది” అన్నాడు. మరి మధ్యలో కథ చెబుతారు కదా, చూడలేదా అంటే, “కథ నడిచేటప్పుడు నేను ఫోన్ చూసుకుంటుంట సార్” అన్నాడు. తండ్రి కడుపులోంచి అక్కలనూ అన్నలనూ బయటికి రప్పించిన జియస్, ఈ కుర్రాడికి మూడు రోజులు అడ్డం నిలిచిన ఒక బండరాయి. అంతకు మించి ఏమీ కాడు.

గ్రీకు దేవతలకు ఈ గతి పట్టినా అడిగేవారు తక్కువ. రోమన్ చక్రవర్తి థియొడోసియస్ 391, 392 సంవత్సరాల్లో పాత దేవతల పూజలను నిషేధిస్తూ శాసనాలు చేశాడు. గుళ్ళు పాడుబడ్డాయి. ఈ రోజుల్లో గ్రీసులో కొద్దిమంది ఆ పూజలను మళ్ళీ మొదలుపెట్టుకున్నా, జియస్‌ను చంపారని వీధుల్లోకి వచ్చి కేకలు వేసేవారు కనిపించరు. మన దేవుళ్ళ సంగతి అలా కాదు. ప్రతి మంగళవారం గుడి ముందు బారులు తీరే జనం వున్నారు.

ఆ తేడా ఏమిటో 2009లో తేలింది. హైదరాబాదుకు చెందిన ఆరోనా టెక్నాలజీస్ సంస్థ ‘హనుమాన్ బాయ్ వారియర్’ అనే ఆటను తయారుచేయగా, సోనీ దాన్ని ప్లేస్టేషన్ 2 కోసం విడుదల చేసింది. టెలివిజనుకు తగిలించి ఆడుకునే యంత్రం కోసం ఆసాంతం భారతదేశంలోనే తయారైన మొదటి ఆట అని దీన్ని ప్రకటించారు. గద చేతబట్టిన బాల హనుమంతుడే నాయకుడు. గాడ్ ఆఫ్ వార్ వంటి ఆటలు రాజ్యమేలుతున్న యంత్రంమీదికి మన ఊరి కుర్రాళ్ళు ఆంజనేయుణ్ణి ఎక్కించారు. ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆటగా అది విమర్శకులను మెప్పించలేకపోయింది. అంతకు మించిన గొడవ మరొకటి వచ్చింది. అమెరికాలో నెవాడాలో వుంటున్న రాజన్ జెడ్ అనే హిందూ ప్రముఖుడు, మీటలు నొక్కి హనుమంతుణ్ణి ఆడించడం దేవుణ్ణి చులకన చేయడమేననీ, ఆటను వెనక్కి తీసుకోవాలనీ ప్రకటన చేశారు. 2012లో, గ్రీకు దేవతలనూ మన దేవతలనూ ఒకే రంగంలో దింపి కొట్లాడించే ‘స్మైట్’ అనే అమెరికా ఆటలో కాళికాదేవిని చూపిన తీరుమీదా ఆయన ఇలాగే అభ్యంతరం చెప్పారు.

ఈ అభ్యంతరాన్ని చాదస్తమని తీసిపారేయడం మర్యాద కాదు. అలాగని యథాతథంగా ఒప్పుకోవడమూ కష్టమే. ఎందుకంటే హనుమంతుణ్ణి చేత్తో ఆడించడం మనకు కొత్త కాదు. తోలుబొమ్మలాట ఏమిటి? రాయలసీమలో నిమ్మలకుంట గ్రామంలో ఈనాటికీ మేకతోలు మీద రామాయణం బొమ్మలు చెక్కి రంగులద్దే కుటుంబాలు వున్నాయి. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ ఆటలో హనుమంతుడి కాళ్ళూ చేతులూ కీళ్ళ దగ్గర విరిచి కట్టి, పుల్లలతోనే ఆడిస్తారు. రంగనాథ రామాయణం ద్విపదలు పాడుతూ లంకను తగలబెట్టిస్తారు. మధ్యలో జుట్టుపోలిగాడూ బంగారక్కా వచ్చి మోటు హాస్యాలాడతారు. అపచారమని ఎవరూ లేచిపోలేదు. తెల్లవార్లూ కూర్చుని చూశారు.

మరి తేడా ఎక్కడుంది? నాకు తోచినంతవరకు అది ఓటమి దగ్గర వుంది.

సుందరకాండ ఆరంభం గుర్తుచేసుకోండి. హనుమంతుడు సముద్రం మీద ఎగురుతుంటే మూడు ఆటంకాలు ఎదురవుతాయి. మైనాకుడు లేచి విశ్రాంతి తీసుకోమంటాడు. సురస నోరు తెరిచి నిలబడుతుంది. సింహిక నీడను పట్టి లాగుతుంది. మొదటివాడికి మర్యాద, రెండవదానికి ఉపాయం, మూడవదానికి బలం. ఆటలు కట్టేవాళ్ళు ‘లెవెల్’ అంటారే, ఇంతకంటె చక్కని లెవెళ్ళు ఏ గ్రీకు కవీ రాయలేదు. కాని కథ వినేవాడికి హనుమంతుడు దాటుతాడని ముందే తెలుసు. ఎలా దాటాడన్నదే ఆనందం. తోలుబొమ్మ ఆడించేవాడికీ తెలుసు. అతని చేతిలో హనుమంతుడు సముద్రంలో పడడు.

వీడియో గేములో పడతాడు. పడి తీరాలి. మీట ఒక క్షణం ఆలస్యమైతే మారుతి మునిగిపోయి, ‘గేమ్ ఓవర్’ అని తెరమీద అక్షరాలు వస్తాయి. ఓటమి లేకపోతే అది ఆట కాదు. ఓడిపోతే అతడు హనుమంతుడు కాడు. ఈ చిక్కుముడిని విప్పకుండా ఎంత డబ్బు పోసినా, ఎంత సాంకేతిక విద్య వున్నా మన పురాణాల ఆట సరిగా కుదరదు.

విప్పే దారి మాత్రం మన కథల్లోనే వుంది. ఓడిపోయే హక్కు మానవుడిది. అర్జునుడు అడవిలో కిరాతుడి వేషంలో వున్న శివుడితో పోట్లాడాడు. అమ్ములు అయిపోయాయి, గాండీవం పనిచేయలేదు, కుస్తీకి దిగి సొమ్మసిల్లి పడ్డాడు. పూర్తిగా ఓడిపోయాడు. ఓడినవాడికే పాశుపతం దక్కింది. గయుడి కోసం కృష్ణార్జునులు తలపడిన కథను చిలకమర్తివారు ‘గయోపాఖ్యానం’ నాటకంగా రాస్తే ఊరూరా ఆడారు. 1963లో ‘శ్రీకృష్ణార్జున యుద్ధము’ సినిమాగా వస్తే ఇంటిల్లిపాదీ వెళ్ళి చూశారు. దేవుడితో యుద్ధం మనకు నిషిద్ధం కాదు. మన దగ్గర అది వరంతోనో, సంధితోనో ముగుస్తుంది. ఒలింపస్‌లోలాగ శవాల గుట్టతో ముగియదు.

ఈ దారి కొందరు పట్టుకున్నారు కూడా. 2017లో హైదరాబాదులోనే ఓగర్ హెడ్ స్టూడియోవారు ‘అసుర’ అనే ఆట తెచ్చారు. అందులో ఆడేవాడు దేవుడు కాడు, పగ తీర్చుకోవడానికి బయలుదేరిన అసురుడు. 2020లో పూనాకు చెందిన నాడింగ్ హెడ్స్ గేమ్స్‌వారి ‘రాజి’ వచ్చింది. రాక్షసులు ఎత్తుకుపోయిన తమ్ముడి కోసం ఒక సామాన్యమైన ఆడపిల్ల బయలుదేరుతుంది. దుర్గ ఆమెకు త్రిశూలమిస్తుంది. దుర్గా విష్ణువూ పైనుంచి చూస్తూ కథ చెబుతుంటారు. ఆ కథాభాగాలు తోలుబొమ్మలాటను తలపిస్తాయి. పిల్ల పడుతుంది, లేస్తుంది. దేవుళ్ళ గౌరవానికి వచ్చిన లోటేమీ లేదు. అదే ఏడు అమెరికాలో వచ్చిన ‘హేడిస్’ అనే గ్రీకు ఆటలో, యమధర్మరాజు వంటి హేడిస్ కొడుకు పాతాళం నుంచి తప్పించుకోబోయి చచ్చినప్పుడల్లా తిరిగి ఇంట్లోనే తేలతాడు. మళ్ళీ మొదటినుంచి బయలుదేరుతాడు. పట్టువదలని విక్రమార్కుణ్ణి చందమామలో చదివినవాళ్ళకు ఇది కొత్తగా అనిపించదు. ఆ ఆటకు 2021లో హ్యూగో బహుమతి కూడా వచ్చింది.

ఆట యంత్రం పరాయిది కదా, అందులో మన కథ ఇముడుతుందా అని సందేహం రావచ్చు. మా పేట పేరే జవాబు. సీతాఫలం అమెరికా ఖండం నుంచి సముద్రాలు దాటివచ్చిన చెట్టు. మనవాళ్ళు దానికి సీతమ్మ పేరు తగిలించుకున్నారు. దసరా దాటగానే బుట్టలు దిగుతుంటే అది పరదేశపు పండని ఎవరికీ తోచదు.

చివరగా తల్లిదండ్రులకు ఒక మాట. ‘గాడ్ ఆఫ్ వార్’ పసివాళ్ళ ఆట కాదు. నెత్తురూ, అసభ్యమైన దృశ్యాలూ వుండడం వల్ల అమెరికాలో దాన్ని 17 ఏళ్ళు నిండినవారికని ముద్రవేసి అమ్మారు. ఆట కొనేముందు పెట్టెమీది ఆ వయసు ముద్ర చూడండి. ఈడు వచ్చిన పిల్లలు ఆడుతుంటే మాత్రం కసరకుండా ఒక పూట పక్కన కూర్చోండి. జియస్ ఎవరని అడగండి. విలన్ అంటే, కంసుడి చెరసాల దగ్గర మొదలుపెట్టి క్రోనస్ మింగిన రాయి దాకా కథ చెప్పండి. ఆ కాసేపూ ఫోను పక్కన పెట్టమనండి.