అవ్వ నడవని అడుగులు

బెంగళూరు నుంచి పండక్కి అనంతసాగరం వచ్చిన మనవడు నా మణికట్టు చూసి ఒకటే నవ్వు. "ఇంకా ఆ కీ ఇచ్చే వాచీయేనా తాతా? ఇదిగో, స్మార్ట్ వాచీ తెచ్చా. దాన్ని తీసి బీరువాలో పడెయ్."

పడెయ్యడానికి అదేమన్నా విరిగిన గరిటా? హెచ్‌ఎంటీ జనతా! జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో 1961లో బెంగళూరులో మొదలైన ఫ్యాక్టరీ సరుకు. పెళ్లిలో వాచీ పెట్టలేదని అల్లుళ్లు అలిగే రోజులవి. హైదరాబాదు ఆల్విన్ వాళ్లూ కొన్నాళ్లు సీకో సాయంతో వాచీలు చేశారు. ఆ వైభవం పోయింది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీని మూసేయడానికి 2016లో కేంద్రమే సరేనంది. నాది మాత్రం ఆడతానే ఉంది.

"ఇట్రా" అని వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టుకుని, కత్తిమొనతో వెనక మూత లేపాను. లోపల ఇత్తడి రంగు చక్రమొకటి ఇటూ అటూ కొట్టుకుంటోంది. దాని నడుమ వెంట్రుకంత స్ప్రింగు ముడుచుకుంటూ విచ్చుకుంటూ, అచ్చం ఊపిరి తీసుకుంటున్నట్టే ఉంటుంది. మనం కీ ఇస్తే చుట్టుకునేది ఇంకో పెద్ద స్ప్రింగు. అది సోమశిల డ్యాం అనుకో. గేట్లన్నీ ఒక్కసారే ఎత్తేస్తే ఏమవుతుంది? నీళ్లన్నీ ఒక్క దెబ్బకు పోతాయి. అందుకని ఈ చిన్న చక్రం గేటును కొంచెం ఎత్తి, టక్కున దించేస్తుంది. సెకనుకు ఐదుసార్లు. మనం వినే టిక్కుటిక్కు ఆ గేటు చప్పుడే. రోజుకు 4,32,000 సార్లు! బండి ఇరుసుకు కందెన వేసినట్టు, దీని ఇరుసులు అరగకుండా కెంపుల్లో కూర్చోబెట్టారు. దొంగలు ఆశపడేవి కావులే, ఫ్యాక్టరీలో చేసిన కెంపులు.

"నా దాంట్లో ఇవేవీ లేవు తాతా, అంతా చిప్పే" అన్నాడు.

ఊగేది లేకుండా గడియారం ఎక్కడిదిరా? వాడి వాచీలోనూ ఊగేదుంది. క్వార్ట్జ్ రాతి ముక్క. కరెంటు తగిలితే సెకనుకు 32,768 సార్లు వణుకుతుంది. ఆ అంకె చూస్తే ఎవరో తోచక పెట్టినట్టుంది గానీ, పదిహేనుసార్లు సగం చేసుకుంటూ పో, సరిగ్గా ఒకటి మిగులుతుంది. ఆ ఒకటే మన సెకను. ఇంత జోరుగా వణికేది కాబట్టి లెక్క తప్పడమూ తక్కువే. నా జనతా రోజులో తప్పే అర నిమిషం మామూలు క్వార్ట్జ్ వాచీ నెలలో తప్పుతుంది. స్మార్ట్ వాచీ ఆ తప్పు కూడా ఫోన్ని అడిగి దిద్దుకుంటుంది. టైము దగ్గర నేను ఓడిపోయాను, ఒప్పుకున్నా.

అయినా ఒక మెలిక ఉంది. మన దేశపు టైము 82.5 డిగ్రీల రేఖాంశానిది. ఆ గీత కాకినాడకు దగ్గరగా పోతుంది. మన ఊరు దానికి మూడు డిగ్రీలకు పైగా పడమర. డిగ్రీకి నాలుగు నిమిషాలు. అంటే రెండు వాచీల్లోనూ పన్నెండు కొట్టినాక, సగటున ఇంకో పన్నెండు నిమిషాలకు గానీ సూర్యుడు మన పెరట్లో నడినెత్తికి రాడు. పెరట్లో కర్ర పాతి నీడ చూస్తే తెలుస్తుంది.

ఇక వాడి వాచీలో నాకు నిజంగా నచ్చింది టైము కాదు, నాడి. పీసా చర్చిలో ఊగే దీపాన్ని గెలీలియో తన నాడితో కొలిచాడని కథ చెబుతారు. అప్పుడు నాడే గడియారం. ఇప్పుడు గడియారమే నాడిని కొలుస్తోంది! ఎట్లాగంటే, చీకట్లో టార్చి మీద వేలు పెట్టు. వేలు ఎర్రగా వెలుగుతుంది. నెత్తురు ఎర్ర వెలుగును పోనిస్తుంది, పచ్చ వెలుగును మింగేస్తుంది. వాచీ అడుగున మినుకుమనే పచ్చ దీపాలు అందుకే. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులోకి నెత్తురు పోటెత్తుతుంది, పచ్చ వెలుగు తిరిగొచ్చేది కాస్త తగ్గుతుంది. ఆ తగ్గడాన్ని లెక్కపెడితే నాడి. పట్టీ వదులైతే లెక్క తప్పుతుంది. డాక్టరుకు మారు అనుకోకూడదు, అంతే.

బ్యాటరీ సంగతి అడిగాను. రోజు విడిచి రోజు చార్జింగు, రెండు మూడేళ్లకు సత్తువ తగ్గుతుందన్నాడు. జనతాకైతే ఆత్మకూరులో కంటికి భూతద్దం బిగించుకుని సర్వీసింగు చేసే మనిషి ఇంకా ఉన్నాడు. అందుకని నా చెయ్యి నా జనతాకే, ఆ కొత్తది మీ అవ్వకు పెట్టమన్నాను. బీపీ ఆమెది, నడవమని డాక్టరు చెప్పిందీ ఆమెకే.

మర్నాడు పొద్దున్నే అవ్వ స్తంభానికి కవ్వం కట్టి, తాడు ఇటూ అటూ లాగుతూ మజ్జిగ చిలికింది. చిలకడం అయ్యాక మనవడు వాచీ చూసి నోరెళ్లబెట్టాడు. ఆరు వందల పైచిలుకు అడుగులు! గుమ్మం దాటని మనిషికి!

వాచీకి కళ్లు లేవు కదరా. దాని లోపల వెంట్రుక కంటే సన్నని సిలికాన్ స్ప్రింగులకు వేలాడే చిన్న బరువొకటి ఉంటుంది. చెయ్యి ఊగితే అదీ ఊగుతుంది. లయగా ఊగితే నడకే అనుకుంటుంది. చూశావా, తిరిగి తిరిగి మళ్లీ స్ప్రింగు దగ్గరికే వచ్చాం అని నేను చెప్పబోతుంటే, అవ్వ వెన్న ముద్ద తీస్తూ మా ఇద్దరి వంకా చూసింది.

"అయితే ఈ పొద్దు గుడికి మీరిద్దరే పోయి రండి. నా నడక అయిపోయింది."