ఓంబుడ్స్‌మన్ దేశాటనము

1709లో పోల్టావా యుద్ధమున రష్యనుల చేత ఓడి, తురుష్క సామ్రాజ్యమున తలదాచుకొనిన స్వీడన్ రాజు పన్నెండవ చార్లెస్, తాను లేని స్వదేశమున ఉద్యోగులు చట్టము ననుసరించి నడచుచున్నారో లేదో కనిపెట్టుటకై 1713లో ఒక ఉన్నతాధికారిని నియమించెను. ఆ అధికారి రాజుగారి కన్ను. సుమారు శతాబ్దము గడచిన పిదప, 1809 నాటి రాజ్యాంగము పార్లమెంటునకును అట్టి కన్ను నొకదానిని ప్రసాదించెను. నేడు లోకమంతటను ఓంబుడ్స్‌మన్ అని పిలువబడు పదవి యిదియే. తప్పుచేసిన ఉద్యోగినే గాక న్యాయమూర్తిని సైతము బోనెక్కించు నధికారము స్వీడన్ ఓంబుడ్స్‌మన్‌కు గలదు.

ఇంతటి ఉపయుక్తమైన వ్యవస్థ నూరేండ్లకు పైగా పొలిమేర దాటలేదు. 1919లో ఫిన్లాండ్ దానిని స్వీకరించెను గాని, చిరకాలము స్వీడన్ ఏలుబడిలో నుండి ఆ న్యాయసంప్రదాయమునే పుణికిపుచ్చుకొనిన ఆ దేశమునకు అది పరాయి సొత్తు కాదు. అసలు యాత్ర డెన్మార్కుతో మొదలయ్యెనని నా అభిప్రాయము. అచ్చట 1955లో ఆ పదవి నలంకరించిన న్యాయశాస్త్రాచార్యుడు స్టీఫన్ హుర్విట్స్, న్యాయస్థానముల జోలికి పోక, శిక్షకంటె సహేతుకమైన విమర్శనే ఆయుధముగా గైకొనెను. అంతియే గాక తన పనిని గూర్చి విదేశీయులకు తెలియునట్లు ఇంగ్లీషులో వ్రాసెను, ప్రసంగించెను. 1959లో సింహళమందలి క్యాండీ నగరమున జరిగిన ఐక్యరాజ్యసమితి సదస్సులో ఆయన వాదము న్యూజిలాండ్ ప్రతినిధుల నాకర్షించెను. 1962లో ఆ దేశము చట్టము చేసెను. నాడు ఫిర్యాదును వ్రాతమూలముగా, ఒక పౌను రుసుముతో పంపవలసియుండెను. విచారించిన అధికారి సిఫారసు చేయునే గాని ఆజ్ఞాపింపజాలడు. ఒక విధానము ఎంత మంచిదైనను, తమవంటి వారొకరు ఆచరించి చూపినప్పుడే తక్కినవారికి ధైర్యము కలుగును. బ్రిటిషు సంప్రదాయపు పార్లమెంటు గల న్యూజిలాండ్ ముందడుగు వేసిన పిమ్మటనే, 1967లో, బ్రిటను దానిని చేపట్టెను. అయినను ప్రజలతో తమకు గల సంబంధమును వదలుకొన నొల్లని అచ్చటి పార్లమెంటు సభ్యులు, ఫిర్యాదు తమ చేతులమీదుగానే పోవలెనని నిబంధన విధించిరి.

మన దేశమున పరిపాలనా సంస్కరణల సంఘము 1966లోనే ఓంబుడ్స్‌మన్ వంటి లోక్‌పాల్, లోకాయుక్త పదవులను సూచించెను. మహారాష్ట్రము 1971లో, ఆంధ్రప్రదేశము 1983లో లోకాయుక్త చట్టములు చేసికొనినను, కేంద్రమున 1968లో ప్రవేశపెట్టిన తొలి బిల్లు మొదలు 2013 నాటి చట్టము వరకు నలుబదియైదేండ్లు గడచినవి. తొలి లోక్‌పాల్ నియామకము 2019లో గాని జరుగలేదు. ఈ దీర్ఘయాత్రలో ఆ పదవి స్వభావమే మారినది. డెన్మార్కున అది ఉద్యోగి అలసత్వమును, అన్యాయపు నిర్ణయమును ప్రశ్నించునది. మన లోక్‌పాల్ అవినీతి ఆరోపణలను విచారించుటకే ఏర్పడినది. అవినీతిపై విచారణ అవసరమే, కాదనను. కాని కేంద్ర కార్యాలయమున తన పింఛను కాగితము ఏండ్ల తరబడి కదలక పడియున్న వృద్ధుడు, లంచపు ఆరోపణ లేనిదే, ఆ ద్వారమును తట్టజాలడు.