ఉద్యోగం చేస్తూ గ్రంథాలయ శాస్త్రంలో పీహెచ్‌డీ: గంటలు, ఏళ్లు, సీట్లు

కాలేజీ లైబ్రేరియన్‌కి పీహెచ్‌డీ మీద మనసు పడిందంటే మొదట అడిగేది ఒకటే: ఉద్యోగం వదలకుండా, ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో చేసేయొచ్చా? 2022 నవంబరులో యూజీసీ తెచ్చిన పీహెచ్‌డీ నిబంధనలు ఇందులో సగానికే ఒప్పుకుంటాయి. పార్ట్‌టైమ్‌కి అనుమతి ఉంది. దూరవిద్యలో గానీ ఆన్‌లైన్‌లో గానీ ఏ సంస్థా పీహెచ్‌డీ నడపకూడదని అక్కడే రాసి ఉంది. అంతకు కొద్ది రోజుల ముందు, అక్టోబరులో, విదేశీ విశ్వవిద్యాలయాలతో కలిసి ఎడ్‌టెక్ కంపెనీలు ఇస్తామంటున్న ఆన్‌లైన్ పీహెచ్‌డీలకు గుర్తింపు లేదని యూజీసీ, ఏఐసీటీఈ కలిసి హెచ్చరించాయి కూడా. మరి ఇగ్నోలో ఉంది కదా అంటారు. ఉంది. కానీ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇచ్చినంత మాత్రాన అది దూరవిద్య అయిపోదు. కోర్స్‌వర్కు, సమీక్షలు అన్నీ మిగతా చోట్ల ఉన్నట్టే ఉంటాయి.

అర్హత సంగతి తొందరగా చెప్పేసుకుందాం. పీజీలో 55 శాతం మార్కులు ఉండాలి, రిజర్వుడు వర్గాలకు 5 శాతం సడలింపు ఉంది. ప్రవేశం పరీక్షతో అయితే రాతకు 70 శాతం, ఇంటర్వ్యూకు 30 శాతం వెయిటేజీ. 2024 జూన్ నుంచి నెట్ స్కోరుతోనూ పీహెచ్‌డీలో చేరే దారి తెరుచుకుంది. నెట్‌లో గ్రంథాలయ, సమాచార శాస్త్రం కోడ్ 59.

ఇక గంటలు. కోర్స్‌వర్కుకు కనీసం 12 క్రెడిట్లు. ఒక క్రెడిట్‌కి 15 గంటల తరగతి అనుకుంటే మొత్తం 180 గంటలు. పరిశోధన, ప్రచురణ నైతికత మీద చదవాల్సిన 2 క్రెడిట్ల కోర్సు కూడా ఇందులోదే. ఆదివారానికి ఆరు గంటల చొప్పున తరగతులు పెట్టినా 30 ఆదివారాలు పోతాయి. మామూలు రోజుల్లో పెడితే సెలవు కావాలి. అందుకే పార్ట్‌టైమ్ వాళ్లను యజమాని నుంచి ఎన్‌ఓసీ అడుగుతారు. చదువుకోవడానికి అనుమతి ఉందని, పరిశోధనకు చాలినంత సమయం దొరికే ఉద్యోగమేనని, అవసరమైతే కోర్స్‌వర్కు కోసం విధుల నుంచి తప్పిస్తామని అందులో రాసి ఇవ్వాలి. మొదటి రెండూ రాయడానికి ఏ ప్రిన్సిపాల్‌కీ అభ్యంతరం ఉండదు. మూడో మాట దగ్గరే ఫైలు ఆగుతుంది, ఎందుకంటే చాలా కాలేజీల్లో లైబ్రరీకి ఉన్నది ఆ ఒక్క మనిషే.

గడువు కనీసం మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. మళ్లీ రిజిస్టర్ చేసుకుంటే ఇంకో రెండేళ్లు. మహిళలకు, 40 శాతం మించి వైకల్యం ఉన్నవారికి అదనంగా మరో రెండేళ్లు, అంటే పదేళ్ల దాకా వెళ్లొచ్చు. ప్రసూతి సెలవు, శిశు సంరక్షణ సెలవు 240 రోజుల వరకూ వేరుగా ఉన్నాయి. వినడానికి బోలెడు సమయం. కానీ ఫుల్‌టైమ్ స్కాలర్ వారానికి 40 గంటలు, ఏడాదికి 50 వారాలు పనిచేసి మూడేళ్లలో ముగించాడనుకోండి, 6,000 గంటలు. ఉద్యోగం, ఇల్లు పోగా వారానికి పది గంటలే మిగిలే మనిషికి ఆరేళ్లలో పోగయ్యేది 3,000. అదే పని ఆరేళ్లలో అవ్వాలంటే వారానికి 20 గంటలు తియ్యాలి. ఆ ఇరవై ఎక్కడి నుంచి వస్తాయో ముందుగా ఇంట్లో వాళ్లతో కూర్చుని తేల్చుకోవడం మంచిది. గైడ్‌తో మాట్లాడటం ఆ తర్వాతి పని.

గైడ్ దొరకడమే అసలు గండం. నిబంధనల ప్రకారం ఒకేసారి ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర నలుగురు మించకూడదు. పదవీ విరమణకు మూడేళ్లలోపే ఉన్నవాళ్లు కొత్తవాళ్లను తీసుకోకూడదు. మన దగ్గర ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల్లో ఈ శాఖలున్నాయి గానీ, ఎక్కడైనా గ్రంథాలయ శాస్త్ర శాఖ అంటే సాధారణంగా చిన్నదే. ఉదాహరణకు ఒక ప్రొఫెసర్, ఒక అసోసియేట్, ఇద్దరు అసిస్టెంట్లు ఉన్నారనుకుందాం. అందరూ గైడ్‌షిప్‌కి అర్హులే అయినా మొత్తం 22 సీట్లు. ఒక్కో స్కాలర్ ఆరేళ్లు కూర్చుంటే ఏడాదికి ఖాళీ అయ్యేవి మూడో నాలుగో. నాలుగేళ్లలో లేస్తే ఐదారు. పార్ట్‌టైమ్ అనగానే కొందరు గైడ్లు మొహం చిట్లించడానికి కారణం ఈ లెక్కే, ఆ లెక్కలో న్యాయమూ ఉంది. కాబట్టి గైడ్‌ని కలిసేటప్పుడు అంశం ఏమిటో ఒక్కటే చెబితే చాలదు. ఏ ఏడాదికి ఏ అధ్యాయం ముగుస్తుందో కాగితం మీద పెట్టి చూపించాలి.

ఇంత కష్టపడితే వచ్చేదేమిటి? అది ఎక్కడ పనిచేస్తున్నారన్నదాన్ని బట్టి ఉంటుంది. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం డిప్యూటీ లైబ్రేరియన్, యూనివర్సిటీ లైబ్రేరియన్ పోస్టులకు పీహెచ్‌డీ తప్పనిసరి. మూలవేతనం మొదటిదానికి 1,31,400, రెండోదానికి 1,44,200 దగ్గర మొదలవుతుంది. అసిస్టెంట్ లైబ్రేరియన్ మొదలయ్యేది 57,700 దగ్గర. అక్కడి నుంచి పై లెవెల్‌కి వెళ్లడానికి పీహెచ్‌డీ ఉంటే నాలుగేళ్లు, లేకపోతే ఆరేళ్లు. జిల్లా గ్రంథాలయ సంస్థల ఉద్యోగులకు మాత్రం ఈ నిచ్చెన లేదు, వాళ్ల జీతాలు యూజీసీ స్కేళ్లలో ఉండవు. వాళ్లలో ఎవరైనా చేస్తున్నారంటే చదువు మీద ఇష్టంతోనో, ఉద్యోగం మారాలనో అనుకోవాలి.

అంశం విషయంలో నాదో అభిప్రాయం ఉంది. ఫలానా కాలేజీల్లో పాఠకుల సంతృప్తి అంటూ ప్రశ్నావళి పంచి శాతాలు తీసే సిద్ధాంత గ్రంథాలు ఇప్పటికే చాలా ఉన్నాయి. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నడిపే శోధ్‌గంగలో ఒక సాయంత్రం వెతికితే మీ అంశం మీద ఎంతమంది చేశారో తెలిసిపోతుంది. అదే 1960 గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్ను ఎంత వచ్చింది, ఎంత గ్రంథాలయాలకు చేరింది అన్న ప్రశ్న తీసుకుంటే ఒక్క జిల్లా దస్త్రాలతోనే ఏళ్ల పని ఉంటుంది. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి చోట్ల పాత పత్రికల సూచిక కూడా అలాంటిదే. సెలవు రోజుల్లో వెళ్లి చేసుకోగల పని కూడాను.

ఏ అంశం తీసుకున్నా పాత పుస్తకాల నుంచి ఎత్తి రాయడం సులువు, పట్టుబడటం అంతకంటే సులువు. గ్రంథచౌర్యం మీద యూజీసీ 2018లో తెచ్చిన నియమాల ప్రకారం ఇతరుల రాతతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిచేసి మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 అయితే ఏడాది నిషేధం. 60 దాటితే రిజిస్ట్రేషన్ రద్దు, అప్పటికి పెట్టిన ఏళ్లూ ఆదివారాలూ దాంతోపాటే పోతాయి.