షుగర్ మామూలే, మరి కీటోన్ల సంగతేమిటి?

(రేడియో ప్రసంగ పాఠము)



ఒక తల్లి మాకు ఉత్తరం వ్రాశారు. ఆమె కుమారునికి 19 ఏళ్లు. చిన్నప్పటి నుండి టైప్ 1 షుగర్ వ్యాధి. రెండు నెలలుగా అన్నం మానేసి గుడ్లు, మాంసము, ఆకుకూరలతో గడుపుతున్నాడు. “అయ్యగారూ, వాడి షుగర్ ఇంత బాగా ఎన్నడూ లేదు, ఎక్కువగా 150 లోపే ఉంటోంది. కాని కీటోన్ పరీక్షలో 1.2 వచ్చింది. కొవ్వు కరుగుతోంది, మంచిదే అని ఒకరు, ప్రాణాపాయమని మరొకరు అంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?” అని ఆమె అడిగారు.

నేను వైద్యుణ్ణి కాను. మందు మోతాదు మీ డాక్టరుగారు చెప్పవలసిందే. అయితే వైద్యులు స్పష్టంగా చెప్పే సంగతులు కొన్ని ఉన్నాయి. అవి తెలియక ఇంట్లో ఒక బిడ్డను పోగొట్టుకోకూడదు. అందుకే ఈ వేళ ఆ ఉత్తరానికే జవాబు చెబుతున్నాను.

మొదట, కీటోన్లు అంటే ఏమిటి? మనం తినే అన్నము, రొట్టె, పండ్లలోని పిండిపదార్థము చక్కెరగా మారి శరీరానికి ఇంధనమవుతుంది. అది తగ్గినప్పుడు శరీరము నిల్వ ఉన్న కొవ్వును తీస్తుంది. కాలేయము ఆ కొవ్వు నుండి తయారుచేసే ఇంధనమే కీటోన్లు. మెదడు కూడా దీన్ని వాడుకోగలదు. కాబట్టి కీటోన్ అనేది పుట్టుకతోనే విషము కాదు.

మరి ప్రమాదం ఎక్కడుంది? మన ఊరి చెరువును తలంచుకోండి. తూము దగ్గర నీరటి ఉంటాడు. పొలానికి ఎంత కావాలో అంతే నీరు వదులుతాడు. పైరు పండుతుంది. అదే తూము కొట్టుకుపోయిందనుకోండి, అదే నీరు పొలాన్ని ముంచేస్తుంది. నీరు మారలేదు, కాపలావాడు లేకుండా పోయాడు. మన శరీరములో ఆ నీరటి ఇన్సులిన్. చక్కెరను కణాలలోనికి పంపడమే కాదు, కొవ్వు నిల్వ మీద అదుపు ఉంచేది కూడా అదే. ఆరోగ్యవంతుడు చాలా రోజులు ఉపవాసమున్నప్పుడు కీటోన్లు 5 వరకు చేరవచ్చు. అయినా అతని క్లోమగ్రంథి విడుదల చేసే కొద్దిపాటి ఇన్సులిన్ వాటిని హద్దులో ఉంచుతుంది. టైప్ 1 ఉన్నవారిలో ఇన్సులిన్ తయారుచేసే కణాలు నాశనమైపోయాయి. వారి నీరటి సూదిలోనే ఉన్నాడు. సూది ఆగితే కీటోన్లు పెరిగి రక్తము ఆమ్లముగా మారుతుంది. దానినే డయాబెటిక్ కీటోఅసిడోసిస్ అంటారు. అది ప్రాణాంతకము.

పథ్యము ఒక్కటే చాలదా అని కొందరు అడుగుతారు. దానికి చరిత్రే జవాబు చెప్పింది. ఇన్సులిన్ లేని రోజులలో వైద్యులు ఈ రోగులకు పిండిపదార్థము బాగా తగ్గించిన ఆకలి పథ్యమే పెట్టేవారు. కొన్నాళ్లు ఆయుష్షు పెరిగేది, అంతే. కెనడాలోని టొరొంటోలో లెనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల బాలుడు ఆ పథ్యముతో సుమారు 29 కిలోలకు చిక్కిపోయి ఆసుపత్రిలో పడి ఉన్నాడు. 1922 జనవరి 11న అతనికి ఇచ్చిన మొదటి ఇన్సులిన్ అంతగా పనిచేయలేదు. జనవరి 23న శుద్ధిచేసిన మందు ఇవ్వగా చక్కెర దిగింది, మూత్రములో కీటోన్లు మాయమయ్యాయి. ఆ బాలుడు మరో 13 ఏళ్లు బ్రదికాడు. పథ్యము చేయలేనిది ఇన్సులిన్ చేసింది.

ఇప్పుడు అంకెలు చూద్దాము. వ్రేలి నుండి రక్తపు చుక్క తీసి మీటరుతో చూసే పరీక్షలో, లీటరుకు మిల్లీమోల్ లెక్కన, 0.6 కంటే తక్కువ అయితే మామూలు. 0.6 నుండి 1.5 వరకు కొంచెం ఎక్కువ. రెండు గంటలలో మరల చూడాలి. 1.5 దాటితే ప్రమాదము దగ్గరపడుతోంది, వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. 3 గాని అంతకు మించి గాని ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లాలి. మూత్రపు పట్టీ కొన్ని గంటల క్రిందటి సంగతి చెబుతుంది. పైగా రక్తములో ఎక్కువగా ఉండే కీటోన్‌ను అది చూపదు. అందుచేత రక్త పరీక్షే మేలు.

పిండిపదార్థము బాగా తగ్గించినవారిలో, ఇన్సులిన్ సరిగా తీసుకుంటున్నా, 0.5 మొదలుకొని కొంత కీటోన్ కనబడవచ్చు. కాబట్టి అమ్మా, 1.2 అనే అంకెను ఒంటరిగా చూడవద్దు. నాలుగు ప్రశ్నలు అడగండి. ఇన్సులిన్, ముఖ్యముగా రోజంతా పనిచేసేది, ఒక్క పూటైనా తప్పిందా? షుగర్ పెరుగుతోందా? జ్వరము, వాంతులు, కడుపునొప్పి ఉన్నాయా? రెండు గంటల తరువాత ఆ అంకె పైకి పోతోందా? అన్నిటికీ “లేదు” అయితే అది పథ్యము వల్ల వచ్చినది కావచ్చు. డాక్టరుగారికి తెలియజేయండి. ఒక్కదానికి “అవును” అని వచ్చినా జాగ్రత్తపడండి.

ఇక్కడ ఒక మోసము ఉంది, గమనించండి. అన్నం మానినవారిలో షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోఅసిడోసిస్ రావచ్చు. మీటరులో 180 చూసి, “షుగర్ బాగానే ఉందిగా” అని నిద్రపోతారు. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు చక్కెరను మూత్రములో పంపివేస్తాయి గనుక ఈ మోసము వాటితో ఇంకా ఎక్కువ. నాన్నగారికి వ్రాసిన షుగర్ మాత్రను టైప్ 1 ఉన్న బిడ్డకు ఇవ్వవద్దు.

జబ్బు చేసిన రోజు పథ్యము ప్రక్కన పెట్టండి. కీటోన్లను దించేది ఇన్సులిన్. షుగర్ పడిపోకుండా దాన్ని తీసుకోవాలంటే గంజి, పండ్లరసము వంటివి కొంత లోపలికి పోవాలి. ఏమీ తినకపోయినా రోజంతా పనిచేసే ఇన్సులిన్ మానకూడదు. నీళ్లు బాగా త్రాగించండి. వాంతులు ఆగకపోయినా, ఊపిరి లోతుగా వేగంగా తీస్తున్నా, నోటి నుండి పండ్ల వాసన వచ్చినా, మగతగా ఉన్నా అంకె కోసం కూర్చోవద్దు, ఆసుపత్రికి తీసుకొని వెళ్లండి.

మన సంఘాలలో ఉపవాస దినములు ఉంటాయి. ఉపవాసము కూడా కీటోన్లను పెంచుతుంది. టైప్ 1 ఉన్నవారు డాక్టరును అడగకుండా ఉపవాసము ఉండవద్దు, ఉపవాసమని చెప్పి సూది మానవద్దు. “ప్రార్థన చేయించుకున్నావు గదా, ఇక ఇన్సులిన్ ఎందుకు?” అని ఎవరైనా అంటే, ఆ మాట వినవద్దని ఒక సంఘ కాపరిగా నేనే మీతో చెబుతున్నాను. ప్రార్థించండి, సూది వేసుకోండి.

అమ్మా, మీ కుమారుడు ఈ పథ్యము కొనసాగించాలా వద్దా అనేది డాక్టరుగారితో కూర్చుని నిర్ణయించుకోండి. ఆహారము మారితే ఇన్సులిన్ మోతాదూ మారుతుంది, అది మీ అంతట మీరు తగ్గించేది కాదు. ఇంట్లో కీటోన్ పట్టీలు ఉంచండి, వాటి గడువు తేదీ చూడండి. వాడితో ఒకే మాట చెప్పండి: “నాయనా, అన్నం మానితే మానావు, ఇన్సులిన్ మాత్రం మానకు.”

వచ్చే వారం ఇదే సమయానికి మరల కలుసుకుందాము. అంతవరకు సెలవు.