వేసవి శిబిరంలో మన గంగమ్మను ఏమంటారు?

ఏప్రిల్ ఆఖరికి బడులు మూసేస్తారు. మళ్లీ తెరిచేది జూన్ రెండోవారంలోనే. అన్నాళ్లు పిలకాయల్ని ఇంట్లో పట్టడం ఎంత పనో మీకు నేను చెప్పాలా! అందుకే మదనపల్లెలోగానీ, పుంగనూరులోగానీ, కుప్పంలోగానీ వేసవి శిబిరం అని బోర్డు కనబడితే చాలు, మనకు ప్రాణం లేచొస్తుంది. చర్చీల్లో వీబీఎస్ తరగతులు, గుళ్లలో శ్లోకాల తరగతులు. ఫీజు కూడా తక్కువే.

పాటలు, ఆటలు, పెద్దల దగ్గర మర్యాద నేర్పుతారు, కాదనను. కానీ మన వైపు ఎన్నో ఇళ్లకు ఇలవేల్పు గంగమ్మే. అంబలి పోసి, వేపాకు కట్టి, మొక్కుంటే కోడినో పొట్టేలునో కోసి కొలుచుకుంటాం. అలాంటి ఇంటి బిడ్డకు అక్కడ ఏం చెబుతారో ఎప్పుడైనా అడిగారా?

కుప్పంలో మాకు తెలిసిన పదేళ్ల పాప ఒకతె శిబిరం నుంచి వచ్చి, "అవ్వా, గంగమ్మ దేవత కాదంట, దెయ్యమంట" అంది. వేరేచోటికి వెళ్లిన ఇంకో పిల్లవాడు, "కోళ్లు కోసేది క్షుద్రపూజంట" అన్నాడు. చెప్పినవాళ్ల మతాలు వేరు. పిల్లలు నేర్చుకొచ్చింది మాత్రం ఒకటే, ఇంట్లో అవ్వను చూసి సిగ్గుపడడం. ఆ పాప ఆ ఏడు జాతరకు రానని మొండికేసింది. అవ్వ రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

కాబట్టి చేర్చే ముందే మొహమాటం లేకుండా అడగండి. ప్రార్థన ఉంటుందా? మా బిడ్డ ఊరికే కూర్చుంటే ఒప్పుకుంటారా? డబ్బాలో గుడ్డు పెడితే ఏమన్నా అంటారా? జాతరకు సెలవిస్తారా? కుప్పం గంగమ్మ జాతర మే నెలలో, సరిగ్గా శిబిరాల మధ్యలో పడుతుంది. పుంగనూరు వాళ్లకు ఆ చిక్కు లేదు. ప్యాలెస్‌లో జరిగే సుగుటూరు గంగమ్మ జాతర మార్చి, ఏప్రిల్ నెలల్లోనే అయిపోతుంది.

ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో అయితే, తల్లిదండ్రులు ఒప్పుకోకుండా పిల్లల్ని మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. ఎవరో సొంతంగా పెట్టుకునే శిబిరానికి అది వర్తించదు. అక్కడ అడగాల్సింది మనమే. అమెరికాలో ప్రకృతి దేవతల్ని కొలిచే కుటుంబాలకూ ఇదే బాధ ఉండేదట. వాళ్లు తమ పిల్లల కోసం స్పైరల్ స్కౌట్స్ అని ఒక సంఘమే పెట్టుకున్నారు.

మనకు అంత దూరం అక్కర్లేదు. వేసవిలో ప్రభుత్వ గ్రంథాలయాల్లో పిల్లలకు శిబిరాలు పెడతారు. కథలు చదివిస్తారు, బొమ్మలు వేయిస్తారు. డబ్బు కట్టే పని లేదు. మీ ఊరి లైబ్రరీలో ఏప్రిల్‌లోనే వాకబు చేయండి. క్రీడాశాఖ ఆటల శిక్షణ కూడా మంచిదే, అక్కడ ఎవరి దేవుడి గొడవా ఉండదు.

లేదంటే నాలుగిళ్లవాళ్లు కలిసి పిల్లల్ని హార్స్లీ కొండకు తీసుకెళ్లండి. 1870 ప్రాంతంలో కడప కలెక్టరు హార్స్లీ దొర అక్కడ ఇల్లు కట్టుకున్నాక ఆ పేరొచ్చింది. అంతకుముందు అది ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అనే పిల్ల కొండవాళ్ల రోగాలు నయం చేసేదనీ, ఒకరోజు కనబడకుండా పోయిందనీ చెబుతారు. ఆమెకు అక్కడ గుడి కూడా ఉంది. ఈ కథ మీరు చెప్పకండి, వెంట అవ్వను తీసుకెళ్లి ఆమె చేత చెప్పించండి. సంగటి ముద్దలు, చెనిక్కాయల ఊరిబిండి కట్టుకుంటే మధ్యాహ్నానికి సరిపోతుంది. సాయంత్రం కొండమీద గాలి చల్లగా ఉంటుంది, చిన్నపిల్లలకు స్వెట్టర్లు మరిచిపోవద్దు.