పాత కారు, కొత్త రంగు

గత నెలలో ఒక శుక్రవారం జుమా నమాజు ముగించుకుని మసీదు మెట్లు దిగుతుండగా ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న మౌలాలి కుర్రవాడు ఎదురొచ్చాడు. "మౌల్వీ సాబ్, కాంటెస్సా తీసుకుంటున్నాం, దుఆ చేయండి" అంటూ సెల్‌ఫోన్‌లో ఫొటో చూపించాడు. పొడవాటి బానెట్, మెరిసే నల్లరంగు. వాళ్ల అబ్బాకు రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ములోంచి బయానా కూడా ఇచ్చేశారట. "కాగితాలు చూశారా బేటా?" అని అడిగాను. "అమ్మే ఆయన నమాజీ మనిషి. అల్లాహ్ కసమ్ అస్లీ క్లాసిక్ అన్నాడు" అన్నాడు.

ఈ కారును హిందుస్తాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో 1984 నుంచి 2002 దాకా తయారు చేసింది. రూపం బ్రిటన్‌కు చెందిన వాక్స్‌హాల్ కారుది. మొదట్లో అంబాసిడర్‌కు వాడిన 1489 సీసీ ఇంజినే దీనికీ బిగించారు. అంత బరువైన బండికి ఆ బలం చాలలేదు. తర్వాత జపాన్ ఇసుజు కంపెనీ 1.8 లీటర్ల ఇంజిన్‌తో 'క్లాసిక్' వచ్చింది. 'దేశీ మజిల్ కారు' అని కుర్రకారు వెతుకుతున్నది దీనినే. మోసం దూరేదీ ఇక్కడే. అమెరికాలో 1964 నాటి పాంటియాక్ జీటీవో కార్లకు ఇదే బెడద. మామూలు లెమాన్స్ కారుకు జీటీవో బిళ్లలు అతికించి అమ్మినవాళ్లున్నారు.

నాచారంలో షెడ్డు నడిపే మెకానిక్‌ను వెంటబెట్టుకుని మర్నాడు వెళ్లాం. వెనుక డిక్కీ మీద 'క్లాసిక్ 1.8' అని ఉంది. ఆర్సీలో మాత్రం 1489 సీసీ! లోపల ఉన్నది ఇసుజు ఇంజినే. కానీ దాని నంబరు ఆర్సీలోని నంబరుతో కలవలేదు. ఇంజిన్ మారిస్తే ఆర్టీఏ అనుమతి తీసుకుని ఆర్సీలో నమోదు చేయించాలి. ఆ పని జరగలేదు. మెకానిక్ అయస్కాంతానికి గుడ్డ చుట్టి తలుపుల అడుగున ఆనించాడు. రెండుచోట్ల అది అంటుకోలేదు. రంగు కింద రేకు లేదు, పుట్టీ ఉంది.

ఛాసిస్ నంబరును పెన్సిల్ ముద్ర తీసుకుని ఆర్సీతో పోల్చాలి. అంకెలచుట్టూ గ్రైండింగ్ గీతలు గానీ, అక్కడొక్కచోటే తాజా రంగు గానీ కనబడితే వెనక్కి రావడమే మేలు. రిజిస్ట్రేషన్ గడువు 15 ఏళ్లు. తర్వాత ఐదేసి ఏళ్లకు రెన్యువల్. 2002లో రిజిస్టరైన బండికి 2017లో, 2022లో రెన్యువల్ జరిగి ఉండాలి. ఆర్సీలో ఫైనాన్స్ పేరుంటే ఫారం 35, బ్యాంకు క్లియరెన్స్ అడగాలి. వేరే రాష్ట్రం బండికి ఎన్‌ఓసీ తప్పదు. 'వింటేజ్ నంబరు ఇప్పిస్తాను' అనే దళారులూ తయారయ్యారు. 2021 నిబంధనల ప్రకారం ఆ హోదా 50 ఏళ్లు దాటిన బండ్లకే. మొట్టమొదటి కాంటెస్సాకైనా 2034 దాకా అది రాదు.

అమ్మేవారికీ ఒక మాట. 29, 30 ఫారాలపై ఖాళీగా సంతకాలు చేసి దళారి చేతిలో పెట్టడం మనవాళ్లకు అలవాటు. బండి చేతులు మారినా రిజిస్టరులో పేరు మారకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత పాత యజమానిదేనని సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది.

నమాజీ మనిషి మాటను అనుమానించడం పాపం కాదా అని ఆ కుర్రవాడు నన్నడిగాడు. అప్పు లావాదేవీలను రాసుకోమనీ, క్రయవిక్రయాలకు సాక్షులను పెట్టుకోమనీ దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖరా సూరాలో ఆదేశించింది గదా! ఆ ఆదేశం విశ్వాసులను ఉద్దేశించినదే. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఒకసారి బజారులో ధాన్యపు రాశిలో చేయిపెట్టి చూడగా లోపల తడి తగిలింది. వాన పడిందని వర్తకుడన్నాడు. తడిసినదాన్ని జనానికి కనిపించేలా పైన ఎందుకు పెట్టలేదని ఆయన ప్రశ్నించి, మోసగించేవాడు తనవాడు కాడన్నారు. ఆ కారు మీది నల్లరంగు పొడిగింజల పై పొర లాంటిదే గదా!

దాచిన లోపం తర్వాత బయటపడితే సరుకు తిరిగిచ్చి సొమ్ము పుచ్చుకునే హక్కు కొన్నవాడికుంది. ఫిఖ్హ్‌లో దీన్ని ఖియారె ఐబ్ అంటారు. అయితే 'ఏ లోపమున్నా నాకు సమ్మతమే' అని రాసిచ్చినవాడు హనఫీ మతం ప్రకారం ఆ హక్కును వదులుకున్నట్లే. కనుక అలాంటి కాగితం మీద సంతకం పెట్టేముందు బండిని పూర్తిగా చూపించుకోవాలి. బేరం తప్పిపోతే బయానా మింగడం కూడా హనఫీ ఫిఖ్హ్ ఒప్పుకోదు.

ఈ సంగతి ఆ పెద్దమనిషికి నెమ్మదిగానే చెప్పాను. సగం సొమ్ము ఆ సాయంత్రమే తిరిగిచ్చాడు. మిగతా సగం రంగుకే ఖర్చయిందట. ఆ తండ్రి ప్రతి జుమాకూ ఆయన కోసం వసారాలో నిలబడుతున్నాడు.